బోర్డు మీద పేరు

మా అయ్య విశాఖపట్నం పోర్టులో కలాసీ. ఇనుప ఖనిజం దుమ్ములో పని చేసి ఇంటికొస్తే ఒళ్ళంతా ఎర్రగా ఉండేది. మా యమ్మ ఇత్తడి బిందెడు నీళ్ళు పోసినా చెవుల్లో దుమ్ము పోయేది కాదు. మా పేటలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే.

నన్ను చదివించాలని అయ్యకి పట్టుదల ఎక్కడిదంటే, 1966 నుంచి. ఉక్కు ఫ్యాక్టరీ కావాలని ఆ ఏడు విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబరు 1న పోలీసులు కాల్చారు. ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది. "సదువుకున్న గుంటలు నిలబడితే ఢిల్లీ దిగొచ్చింది రా" అనేవాడు అయ్య.

నేను డిగ్రీకొచ్చేసరికి గాలి మారింది. యూనివర్సిటీలు తమ ఖర్చులో 15 శాతం సొంతంగా సంపాదించుకోవాలి, పదేళ్ళలో దాన్ని 25 శాతం చెయ్యాలి అని యు.జి.సి. వేసిన పున్నయ్య కమిటీ 1993లో చెప్పింది. సొంతంగా అంటే ఎవడి జేబులోంచి? అదే ఏడు ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు క్యాపిటేషన్ ఫీజు తప్పంది. ఆ నోటితోనే ప్రైవేటు ఇంజినీరింగు, మెడికల్ కాలేజీల్లో సగం సీట్లని డబ్బు కట్టే సీట్లు చేసింది. ఫీజులు తగ్గించాలని మేం గొంతులు పోయేలా అరిచాం. ఊరేగింపులో నా పక్కనున్నవాడు నవ్వుతూ అన్నాడు: "నువ్వెందుకురా అరవడం? మీకు గవర్నమెంటు కడుతుంది గదా!"

కడుతుంది. 1944లో, అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లో మొదలైన స్కాలర్‌షిప్పు అది. అది లేకపోతే నేనూ ఖనిజం దుమ్ములోనే ఉండేవాణ్ణి. కానీ ఆ ఏడు డబ్బు సమయానికి రాలేదు. పరీక్షల ముందు మా కాలేజీలో బకాయిదారుల జాబితా నోటీసు బోర్డుకి అంటించారు. మా పేర్లే ఎక్కువ. కడితేనే హాల్ టికెట్టు అన్నారు.

అమ్మ ఇత్తడి బిందె తాకట్టు పెట్టి డబ్బు తెచ్చింది. ఆమెకి చదువు రాదు. బోర్డు ముందు నిలబడి నా పేరెక్కడుందో చూపించమంది. చూపించాను. వేలు పెట్టి తడిమింది.

"అప్పు గవుర్మెంటోడిదైతే నీ పేరెందుకు రాసినారు?"

నా దగ్గర జవాబు లేదు. ఏ ఊరేగింపులోనూ ఆ మాట మేం అరవలేదు. ఫీజు ఎంత పెరిగిందనే అరిచాం. ఎవడో కట్టాల్సింది కట్టకపోతే అవమానం ఎవడు మోస్తాడని అడగలేదు.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించింది. మా పేట పిల్లలు ఇంజినీర్లయ్యారు. ఆ మేలు కాదనను. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్ళకి రీయింబర్స్‌మెంటు లేదంది. నెల తిరిగేసరికి, 2021 జనవరిలో, ఉక్కు ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. ఉక్కు కోసం పార్టీలు రోడ్డు మీదికొచ్చాయి. జీవో మీద నేను చూసిన ఊరేగింపులో పిల్లలే ఉన్నారు.

అప్పటికి మా అమ్మాయి డిగ్రీ అయిపోయింది. సర్టిఫికెట్లకి వెళితే, గవర్నమెంటు బాకీ ఉంది, అది కట్టి తీసుకెళ్ళమన్నారు. ఇప్పుడు బోర్డు లేదు. జాబితా ఫోన్‌లోకొచ్చింది. అమ్మాయి పేరు నాకు చూపించింది.

మా యమ్మ లేదు. ఆమె అడిగిన మాట అమ్మాయికి చెప్పాను. మర్నాడు అది అట్టముక్క మీద ఆ మాటే రాసుకుని ఊరేగింపుకెళ్ళింది.