నెహ్రూ ఔటర్ రింగు రోడ్డు వేగ పరిమితి

నెహ్రూ ఔటర్ రింగు రోడ్డు హైదరాబాదు నగరం చుట్టూ 158 కి.మీ. పొడవున నిర్మించబడిన ఎనిమిది వరుసల ఎక్స్‌ప్రెస్ రహదారి. దీని మొదటి భాగం 2008లో, చివరి భాగం 2018లో ప్రారంభమైనవి. గంటకు 120 కి.మీ. వేగానికి అనువుగా రూపొందించిన ఈ రహదారిపై పరిమితిని కొంతకాలం 100 కి.మీ.కు తగ్గించి, 2023లో మరల 120కి పెంచారు. వేగ పరిమితి నిజంగా ప్రాణాలను కాపాడునా అన్న చర్చ అనేక దేశాలలో జరిగినది. ఈ రహదారికి కూడా అది వర్తిస్తుంది.

నిబంధనలు

2023 ఉత్తర్వు ప్రకారం డివైడరు పక్కనున్న మొదటి రెండు వరుసలలో గరిష్ఠ వేగం 120 కి.మీ., తరువాతి రెండింటిలో 80 కి.మీ. కనీస వేగం 40 కి.మీ. ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశము లేదు. అంతకుముందు 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దేశంలోని ఎక్స్‌ప్రెస్ రహదారులపై కార్లకు 120 కి.మీ. గరిష్ఠ వేగంగా ప్రకటించినది. ఆ ప్రకటనను మద్రాసు హైకోర్టు 2021లో కొట్టివేసినది.

వేగము, ప్రమాద తీవ్రత

100 కి.మీ. వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 28 మీటర్లు, 120 కి.మీ. వేగంతో పోయేది 33 మీటర్లు ప్రయాణిస్తుంది. వేగం 20 శాతమే పెరిగినా గతిజ శక్తి 44 శాతం పెరుగుతుంది. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినపుడు మొదటి కారు సుమారు 55 మీటర్లలో ఆగితే, రెండవదానికి 80 మీటర్ల వరకు కావలెను. డ్రైవరు తేరుకొనే సమయంలో సాగే దూరం దీనికి అదనము. స్వీడన్ పరిశోధకుడు గోరన్ నిల్సన్ సూత్రం ప్రకారం రోడ్డుపై సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు 4 శాతం పెరుగుతాయి. ఇక్కడ లెక్కలోనికి వచ్చేది బోర్డు మీది అంకె కాదు, వాహనాల వాస్తవ సగటు వేగం. పరిమితిని 20 కి.మీ. పెంచినంత మాత్రాన సగటు అంతే పెరగదు. కాని 100 నుండి 105కు పెరిగినా ఆ సూత్రం ప్రకారం మరణ ప్రమాదాలు ఐదవ వంతుకు పైగా పెరుగును.

ఇతర దేశాల అనుభవం

జర్మనీ ఆటోబాన్‌లలో చాలా భాగానికి పరిమితి లేదు, 130 కి.మీ. సిఫారసు మాత్రమే. అయినా ప్రయాణించిన దూరంతో పోల్చితే అక్కడి గ్రామీణ రోడ్లకంటే ఆటోబాన్‌లపై మరణాలు తక్కువ. దీనిని చూపి వేగం వలన ముప్పు లేదని వాదించుట కద్దు. ఈ వాదన సరికాదు. ఆటోబాన్‌పై కూడళ్ళు, పాదచారులు, ఎదురు వాహనాలు ఉండవు. పోల్చవలసినది రెండు వేర్వేరు రోడ్లను కాదు, ఒకే రోడ్డుపై మార్పుకు ముందు, తరువాతి స్థితిని.

అట్టి పోలికకు అమెరికా మంచి ఉదాహరణ. చమురు సంక్షోభం వలన 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ళ (88 కి.మీ.) పరిమితి విధించగా, రోడ్డు మరణాలు ఏడాదిలో సుమారు 54,000 నుండి 45,000కు తగ్గినవి. ప్రయాణాలే తగ్గుట కూడా ఇందుకు ఒక కారణం. 1995లో కేంద్ర పరిమితి రద్దయినది. తరువాతి పదేళ్ళలో వేగం పెంపు వలన సుమారు 12,500 మంది అదనంగా మరణించినట్లు 2009లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసినది.

ఔటర్‌పై పరిస్థితి

ఇక్కడ అసలు చిక్కు వేగాలలోని వ్యత్యాసము. 120తో పోయే కారు ముందు ఆగియున్న లారీ ఉంటే ఏ పరిమితీ సరిపోదు. 2017 జూన్‌లో నటుడు భరత్ శంషాబాదు వద్ద ఈ రహదారిపై ఆగియున్న లారీని కారు ఢీకొని మరణించారు. 2024 ఫిబ్రవరి 23న సికింద్రాబాదు కంటోన్మెంటు శాసనసభ్యురాలు లాస్య నందిత పటాన్‌చెరు వద్ద జరిగిన కారు ప్రమాదంలో మృతిచెందారు.

పెద్ద అంబర్‌పేట్ కూడలి

రంగారెడ్డి జిల్లాలోని పెద్ద అంబర్‌పేట్ వద్ద 11వ నిష్క్రమణ మార్గం ఉన్నది. ఇచ్చట ఔటర్, విజయవాడ వెళ్ళే 65వ జాతీయ రహదారిని (పూర్వపు 9వ నంబరు) కలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా విజయవాడ పోయే బస్సులన్నీ ఈ దారినే పోవును. ఔటర్ నుండి దిగిన డ్రైవరు క్షణాలలో ద్విచక్ర వాహనాలు, రోడ్డు దాటే జనం, దుకాణాలు ఉన్న రోడ్డు మీదికి వస్తాడు. చాలాసేపు 120కి అలవాటుపడిన కంటికి 70 కి.మీ. వేగం కూడా నెమ్మదిగా తోచును. అందువలన ఔటర్‌పై పెంచిన పరిమితి ప్రభావం దాని కంచె వద్దనే ఆగదు.

ఇటలీలో 2005 నుండి రెండు స్థానాల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కించి జరిమానా విధించే పద్ధతి ఉన్నది. కెమెరా కనబడగానే నెమ్మదించి, దాటగానే మరల దూసుకుపోయే అలవాటుకు ఇది విరుగుడు. ఔటర్‌పై టోల్ రుసుము ప్రవేశ, నిష్క్రమణ స్థానాలను బట్టి వసూలు అగును కనుక ఇదే లెక్క ఇక్కడా వేయవచ్చు. పెద్ద అంబర్‌పేట్ నుండి శంషాబాదుకు సుమారు 38 కి.మీ. నిరంతరంగా 100తో పోతే 23 నిమిషాలు, 120తో పోతే 19 నిమిషాలు పట్టును. ఆదా అయ్యేది నాలుగు నిమిషాలు. 19 నిమిషాలకంటే ముందే శంషాబాదు టోల్ గేటు చేరిన వాహనం దారిలో పరిమితిని మించినట్లే.