చక్రవర్తి వెంట మట్టి మంద

చైనాలో షియాన్ విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే, 1990లో, హాన్ వంశపు చక్రవర్తి జింగ్ సమాధి ప్రాంగణంలోని గోతులు బయటపడ్డాయి. క్రీ.పూ. 157 నుంచి 141 దాకా ఏలిన రాజు. రైతుల శిస్తును పంటలో 30వ వంతుకు తగ్గించినవాడు. ఆయన సమాధి దిబ్బ చుట్టూ 80కి పైగా పొడవాటి గోతులున్నాయి. వాటిలో సైనికులు, పరిచారకుల బొమ్మలతోపాటు ఆవులు, గొర్రెలు, మేకలు, పందులు, కుక్కలు, కోళ్లు కనిపించాయి. అన్నీ కాల్చిన మట్టివే.

మనుషుల బొమ్మలు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు. కట్టిన బట్టలు, అమర్చిన కొయ్య చేతులు మట్టిలో చివికిపోవడంతో ఇప్పుడవి చేతుల్లేకుండా, ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి ఉన్నాయి. జంతువులకు ఆ లోటు లేదు. అచ్చులో ఒత్తి, కాల్చి, ఆపైన రంగులు పూసిన ఆ పందుల పొట్టలు ఇప్పటికీ నిండుగానే ఉన్నాయి. కుక్కలు చెవులు నిక్కించి, ఎవరో పిలిచినట్టే ఒకే దిక్కుకు చూస్తుంటాయి.

అంతకు వెయ్యేళ్ల ముందు పద్ధతి వేరు. షాంగ్ వంశపు రాణి ఫూ హావ్ సమాధిని 1976లో అన్యాంగ్‌లో తవ్వినప్పుడు 16 మంది మనుషుల, 6 కుక్కల ఎముకలు దొరికాయి. ఆమె కోసం బలి ఇచ్చిన ప్రాణాలవి. మెల్లగా ఆ చోటును మట్టిబొమ్మ తీసుకుంది. ఇలా పోయినవారి కోసమే చేసిన వస్తువులను చైనీయులు ‘మింగ్‌చీ’ అన్నారు. కుమ్మరి చేతి పని ఎన్ని ప్రాణాలను కాపాడిందో!

పోయినవారికీ ఆకలి ఉంటుందనే నమ్మకమే దీనంతటికీ మూలం. తద్దినం నాడు పోయినవారికి ఇష్టమైనవి వండిపెట్టే మనకు ఆ మనసు వెంటనే అర్థమవుతుంది. హాన్ కాలంలో ఈ వాడుక రాజులతో ఆగలేదు. కలిగినవాళ్ల సమాధుల్లో మట్టి పొయ్యి, బావి, ధాన్యపు గాదె, పందులదొడ్డి పెట్టేవారు. కొన్ని దొడ్ల మీద మరుగుదొడ్డి గది కూడా ఉంటుంది. పైనుంచి పడేది కింద పందికి మేత, పంది ఎరువు పొలానికి. అప్పటి రైతు ఇల్లు ఎలా నడిచిందో ఏ రాజశాసనమూ ఇంత వివరంగా చెప్పదు.

షియాన్ వెళ్లినవాళ్లంతా చిన్ చక్రవర్తి మట్టి సైన్యాన్ని చూస్తారు. చూడాల్సిందే. తిరుగు విమానం ఎక్కేముందు, ఆ దారిలోనే, జింగ్ సమాధి దగ్గరే ఉన్న హాన్ యాంగ్‌లింగ్ ప్రదర్శనశాలకూ ఒక పూట ఇవ్వండి. అక్కడ అద్దాల నేల మీద నడుస్తుంటే, మీ కాళ్ల కిందే ఆ మంద కనిపిస్తుంది.