వచ్చి పోయిన మాట

పిల్లలకు మాటలు ఆలస్యమైతే మా గోదావరి సీమలో ఎవరూ అంతగా కంగారుపడరు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. "వాళ్ళ నాన్నకూ మూడో ఏటనే వచ్చాయి" అని మామ్మలు ధైర్యం చెబుతారు. రాని మాటకు ఇన్ని ఓదార్పులున్నాయి గాని, వచ్చిన మాట పోవడాన్ని చెప్పడానికి వాడుకలో ఒక పేరైనా నాకు కనబడలేదు. ఆలస్యం వేరు, పోవడం వేరు. ఈ భేదం లోకానికి తెలిసివచ్చిన చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

"అత్త, తాత, బువ్వ అన్నీ అనేవాడండి మాస్టారూ. టాటా చెప్పేవాడు. ఇప్పుడు పిలిస్తే తిరిగైనా చూడడండి." బడిలో పనిచేసిన రోజుల్లో తల్లుల నోట ఇటువంటి మాట పలుమార్లు విన్నాను. ఆటిజం గల పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతు మందిలో ఇట్లా జరుగుతుందని 2013లో అనేక పరిశోధనలను కలిపి చేసిన లెక్క ఒకటి తేల్చింది. సగటున అది ఒకటిన్నర, రెండేళ్ళ నడుమ కనబడుతుంది. వైద్యులు దీనిని వికాస తిరోగమనం అంటారు. కొందరికి పోయిన మాటల్లో కొన్ని తిరిగివస్తాయి, కొందరికి రావు.

మన పూర్వులు శిశురోగాలను గ్రహాలకు ముడిపెట్టారు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలుగా తొమ్మిది బాలగ్రహాలు చెప్పబడ్డాయి. అక్కడి లక్షణాలు చాలావరకు జ్వరం, మూర్ఛ, వాంతి, విరేచనం వంటివి. ఒళ్ళు ఆరోగ్యంగా ఉండి మాట మాత్రం జారిపోయిన బిడ్డను కూడా లోకులు ఆ పద్దులోనే వేసి, పక్షిదోషమనీ దిష్టి అనీ తాయెత్తులు కట్టించారు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. గ్రహం పట్టిందన్నవాడు తల్లి మాటను నమ్మాడు. నిన్నటివరకు బిడ్డ బాగుందన్న సాక్ష్యాన్ని అతడు కాదనలేదు. ఆ తరువాత వచ్చిన విద్యావంతులు అంతమాత్రం కూడా చేయలేదు.

వియన్నాలో థియొడోర్ హెల్లర్ అనే విద్యావేత్త 1908లో ఆరుగురు పిల్లల వృత్తాంతం ప్రకటించాడు. మూడు నాలుగేళ్ళ వరకు చక్కగా పెరిగి, పిదప మాటను, నేర్చిన పనులను పోగొట్టుకున్నవారు వారు. అదే నగరంలో ఆండ్రియాస్ రెట్ 1966లో మరొక రుగ్మతను వర్ణించాడు. అది ఇంచుమించుగా ఆడపిల్లలకే వస్తుంది. మాటతోపాటు చేతివాటం పోతుంది, చేతులు కడుక్కుంటున్నట్లు నలుపుతూ ఉంటారు. దానికి కారణమైన జన్యువు 1999లో దొరికింది.

ఆటిజం కథ వేరుగా నడిచింది. బాల్టిమోరులో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ, ఈ ఏకాంతం పుట్టుకతోనే ఉంటుందన్నాడు. అక్కడే చిక్కు వచ్చింది. పుట్టుకతోనే ఉంటే, "నిన్నటివరకు మాట్లాడాడు" అనే తల్లి పొరబడినట్లే గదా! ఆపై అదే కానర్ 1949లో ఈ తల్లిదండ్రుల చల్లదనాన్ని శీతలయంత్రంతో పోల్చాడు. చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఒక ఉద్గ్రంథమే వ్రాసి నేరాన్ని తల్లుల నెత్తిన పెట్టాడు. బిడ్డ మాట పోవడమొక దుఃఖం, దానికి నీవే కారణమనిపించుకోవడం మరొకటి. ఆటిజం గల బిడ్డకు తండ్రీ, మనస్తత్వవేత్తా అయిన బెర్నార్డ్ రిమ్‌లండ్ అప్పటికే, 1964లో, ఈ వాదాన్ని ఖండించి ఇది శరీరధర్మానికి సంబంధించినదని వాదించాడు. ఆ మాట లోకానికెక్కడానికి చాలా కాలం పట్టింది.

తరువాత నేరం టీకా మీదికి పోయింది. 1998లో లాన్సెట్ పత్రికలో పన్నెండు మంది పిల్లలపై ఆండ్రూ వేక్‌ఫీల్డ్ ప్రభృతుల వ్యాసం వచ్చింది. 2010లో పత్రిక దానిని ఉపసంహరించింది. డెన్మార్కులో ఆరున్నర లక్షల పైచిలుకు పిల్లలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనంలో టీకాకు, ఆటిజానికి సంబంధం కనబడలేదు. అయినా భయం ఎందుకు నిలిచిందో ఊహించవచ్చు. మన దేశంలో తట్టు టీకా రెండవ మోతాదు పదహారు, ఇరవై నాలుగు నెలల నడుమ వేస్తారు. మాట జారే వయసూ అదే. కాకి వాలడం, తాటిపండు పడడం కలిసివచ్చాయి. కాకతాళీయమన్న మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ తరగతిలో నాకెన్నడూ దొరకలేదు.

తల్లుల సాక్ష్యాన్ని నిలబెట్టినది వీడియో కెమెరా. అమెరికాలో వెర్నర్, డాసన్ అనే ఇద్దరు పరిశోధకులు మొదటి, రెండవ పుట్టినరోజుల నాటి ఇంటి వీడియోలను సేకరించి పరీక్షించారు. మాట పోయిందని తల్లిదండ్రులు చెప్పిన పిల్లలు ఏడాదినాడు తక్కిన పిల్లల్లాగే పలుకుతున్నారు, రెండేళ్ళనాటికి తేడా స్పష్టంగా ఉంది. 2005లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. తల్లులు చెప్పినది నిజమే!

ఇంకా విచిత్రం 2010లో బయటపడింది. శాలీ ఒజోనాఫ్ బృందం పిల్లలను ఆరవ నెలనుంచి వరుసగా గమనించింది. తరువాత ఆటిజం తేలిన పిల్లల్లో ముఖాలవంక చూడడం, నవ్వడం మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి. వారి తల్లిదండ్రుల్లో చాలామంది ఈ తరుగుదలను పసిగట్టలేదు. అంటే తల్లులు అతిశయించి చెప్పలేదు సరిగదా, పోయినదాంట్లో కొంత వారి కంటికి ఆననే లేదు.

మన చట్టంలో ఆటిజం చోటు సంపాదించుకున్న తీరు కూడా నెమ్మదే. 1995 నాటి వికలాంగుల చట్టంలో దాని పేరు లేదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టంలో వచ్చింది, 2016 చట్టంలో స్థిరపడింది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ నలభై అంశాలతో భారతీయ కొలమానం తయారుచేసింది. పుట్టిన నాటినుంచి పద్ధెనిమిదేళ్ళ వరకు పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలై, జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలకు దారితీసింది.

ఇప్పుడు మా లంక గ్రామాల్లో కూడా అన్నప్రాశన నుంచి పుట్టినరోజు దాకా అన్నీ సెల్‌ఫోనులో ఉంటున్నాయి. ఎవరైనా బిడ్డను తీసుకుని నన్ను సలహా అడగవస్తే, మాటలెప్పుడు వచ్చాయని కాక, ఏ మాటలు వచ్చి పోయాయని అడుగుతున్నాను. వినికిడి పరీక్ష చేయించమంటాను. మూర్ఛ ఛాయలుంటే, ఆడపిల్ల చేతులు నలుపుతూ ఉంటే, ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పమంటాను. వసకొమ్ముతో మరో ఆరునెలలు ఆగుదామన్న మామ్మగారికి నచ్చజెప్పి, ఆ పాత వీడియోలను చెరపకుండా వెంట తీసుకుపొమ్మంటాను.