గజ్జల్లో బుడిపె: కోసి చూసిన రోజుల నుంచి కీహోల్ దాకా



స్నానం చేయిస్తున్నప్పుడు పసివాడి గజ్జల్లో ఉబ్బు కనబడిందనుకోండి. ఇండియాకి ఫోన్ చేస్తే అమ్మమ్మ "వరిబీజంలే, అదే పోతుంది" అంటుంది. వరిబీజమైతే పోవచ్చు. హెర్నియా అయితే పోదు. మగపిల్లల్లో వృషణం కడుపులోంచి కిందికి దిగిన దారి మూసుకోకుండా ఉండిపోతే, పేగు అందులోకి జారుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఇది ఎక్కువ. ఆడపిల్లలకూ రావచ్చు. ఆ పేగు ఇరుక్కుంటే బుడిపె గట్టిపడుతుంది, బిడ్డ ఏడుపు ఆపడు, పసరు వాంతులవుతాయి. అప్పుడు పాలు పట్టకుండా, మీరు ఒత్తి చూడకుండా, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అమ్మమ్మకి దారిలో ఫోన్ చెయ్యొచ్చు.

ఇక చరిత్ర. 1735 డిసెంబరులో లండన్‌లోని సెయింట్ జార్జ్ హాస్పిటల్లో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జను పదకొండేళ్ల కుర్రాడి హెర్నియా కోశాడు. లోపల అపెండిక్స్ ఉంది! కుర్రాడు ఎప్పుడో మింగిన గుండుసూది దానికి చిల్లి పెట్టింది. దాదాపు అరగంట ఆపరేషన్, మత్తుమందు లేని కాలం. పిల్లాడు బతికాడు. అపెండిక్స్ తీసిన మొదటి ఆపరేషన్‌గా పుస్తకాలు దీన్ని చెబుతాయి. నాకు మాత్రం ఆ అరగంటే గుర్తుకొస్తుంది. కోసేదాకా లోపల ఏముందో ఆ సర్జనుకీ తెలియదు.

పిల్లలకు కండరాలు కుట్టక్కర్లేదు, సంచిని పైన ముడివేస్తే చాలని 1950లో చికాగోలో విల్లిస్ పాట్స్ బృందం రాసింది. కానీ ఇరుక్కున్న హెర్నియాతో ఒక చిక్కు మిగిలింది. మత్తు ఇవ్వగానే కండరాలు వదులై, సర్జను చూసేలోపే పేగు లోపలికి జారిపోవచ్చు. అది బాగుందో, కుళ్లిందో? పైగా వాచిన సంచి తడి కాగితంలా చిరుగుతుంది. వీర్యనాళం దానికే అంటుకుని ఉంటుంది.

కడుపులోకి గొట్టం పెట్టి చూడటం 1910లోనే స్టాక్‌హోంలో యాకోబేయస్ మనుషుల్లో చేసి చూపించాడు. పిల్లల హెర్నియాకి అది 1990లలో గానీ రాలేదు. ముందు ఆడపిల్లలకు, ఎందుకంటే తెగడానికి వీర్యనాళం లేదు. మగపిల్లల ఆపరేషన్ల గురించి 1999లో మాంటుపే, ఎస్పొసిటో రాశారు. ఇరుక్కున్నవాటి సంగతి 2006లో జర్మనీ నుంచి ఫెలిక్స్ షియర్ బృందం రాసింది. కడుపులో గ్యాస్ నింపితే ద్వారం కొంచెం వెడల్పవుతుంది. ఒక చెయ్యి బయటినుంచి మెల్లగా నొక్కుతుంది, లోపలి పరికరం పేగును లాగుతుంది. నల్లబడ్డ పేగు మళ్లీ ఎర్రబడుతుందా అని తెరమీద చూస్తూ ఆగుతారు. రెండోవైపు దారి తెరిచి ఉందో లేదో కూడా అదే చూపులో తెలుస్తుంది.

అన్నిచోట్లా ఇలాగే చేస్తారని కాదు. చాలామంది డాక్టర్లు ముందు బిడ్డను నెమ్మదింపజేసి చేత్తోనే లోపలికి పంపుతారు. వాపు తగ్గాక, ఒకటి రెండు రోజులకు ఆపరేషన్ చేస్తారు. అది పాత పద్ధతిలోనా, కీహోల్‌లోనా అన్నది మీ సర్జను చెయ్యి దేనికి అలవాటుపడిందో దాన్నిబట్టి ఉంటుంది. ఆ సంగతి మొహమాటం లేకుండా అడగండి.