బ్లూ టికెట్

అమెరికా సైన్యం 1916లో ఒక కొత్తరకం డిశ్చార్జి పత్రం తెచ్చింది. గౌరవంగా పంపుతున్నామని అందులో ఉండదు, అగౌరవంగా పంపుతున్నామనీ ఉండదు. నీలం కాగితం మీద అచ్చువేసేవారు కాబట్టి ‘బ్లూ డిశ్చార్జ్’ అన్నారు. సైనికుల నోట అది ‘బ్లూ టికెట్’ అయింది.

ఆ రంగే కొంప ముంచింది. ఉద్యోగం అడగబోతే యజమాని డిశ్చార్జి కాగితం చూపించమనేవాడు. చదవనక్కర్లేదు, నీలం కనపడితే చాలు. కోర్టు మార్షల్ జరగలేదు, నేరం రుజువు కాలేదు, శిక్ష మాత్రం జీవితాంతం. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? 1941-45 మధ్య ఇలాంటివి 48 వేలకు పైగా ఇచ్చారు. సైన్యంలో నల్లజాతివారు 6.5 శాతమే, ఈ కాగితాలు అందుకున్నవారిలో మాత్రం 22 శాతం. స్వలింగ సంపర్కులన్న అనుమానంతో పంపేసినవారూ ఎందరో. చదువుకూ ఇంటి అప్పుకూ ఆసరా అయ్యే జీఐ బిల్లు సాయం వీళ్లకు దక్కనిచ్చేవారు కాదు. 1945లో నల్లజాతి పత్రిక ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ దీన్ని గట్టిగా ఎండగట్టింది. 1947లో రద్దు చేశారు.

పోయింది రంగే. ఇలాంటి డిశ్చార్జికి నేటి సైనికుల మాట ‘బ్యాడ్ పేపర్’. సైన్యంలో మళ్లీ చేరాలంటే డీడీ 214 అనే డిశ్చార్జి ఫారంలోని ఆర్ఈ (తిరిగి చేరే అర్హత) కోడ్ చూసుకోవాలి. 1 ఉంటే ఇబ్బంది లేదు, 3 ఉంటే ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాలి, 4 ఉంటే దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. డిశ్చార్జి మార్చమని రివ్యూ బోర్డుకు 15 ఏళ్లలోపు అర్జీ పెట్టుకోవచ్చు. అది మారినంత మాత్రాన కోడ్ దానంతటది మారదు. స్వలింగ సంపర్కులు ఆ సంగతి దాచుకుంటేనే సైన్యంలో ఉండనిచ్చే ‘డోంట్ ఆస్క్, డోంట్ టెల్’ విధానం 2011 సెప్టెంబరులో రద్దయ్యాక, ఆ విధానం వల్ల కొలువు పోయినవారిలో కొందరు మళ్లీ యూనిఫాం వేసుకున్నారు.