క్రిస్మస్ బిస్కత్తుల రసాయన చరిత్ర

1796 వ సంవత్సరములో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున ఒక చిన్న వంటల పుస్తకము వెలువడినది. దాని పేరు 'అమెరికన్ కుకరీ'. వ్రాసినది అమీలియా సిమన్స్ అను స్త్రీ. తానొక అమెరికన్ అనాథనని ముఖపత్రము మీద చెప్పుకొనుట తప్ప ఆమె తన్ను గూర్చి వివరములేవియు ఇచ్చుకొనలేదు. అమెరికా దేశస్థులు వ్రాసి ఆ దేశముననే అచ్చువేసిన మొదటి వంటల పుస్తకముగా దీనిని పరిగణించుచున్నారు. అందు క్రిస్మస్ బిస్కత్తులు చేయు విధానమొకటి కలదు. మూడు పౌనుల (సుమారు 1,360 గ్రాములు) గోధుమపిండి, ఒక పౌను వెన్న, ఒకటిన్నర పౌను పంచదార, ఒక టీకప్పెడు మెత్తని ధనియాల పొడి కావలెను. పండుగ తీపివంటలో ధనియాలేమని మన గృహిణులకు నవ్వు రావచ్చును. కాని ఆ కాలపు పాశ్చాత్యులకు ధనియాలు తీపిలో వేయు సుగంధద్రవ్యమే. ఒక కప్పు పాలలో మూడు చెంచాల 'పర్ల్‌యాష్' కరిగించి పోసి, అంతయు కలిపి, ముప్పాతిక అంగుళము మందమున వత్తి, కోరిన ఆకారములుగా కోసి, సన్నని సెగను పదునైదు ఇరువది నిమిషములు కాల్చవలెను. మొదట ఇవి రాయివలె గట్టిగా నుండునట. మట్టికుండలో పెట్టి నేలమాళిగలోనో తేమగల గదిలోనో ఉంచినచో ఆరు మాసములకు మెత్తబడి రుచికరములగునట!

ఆరు మాసములు కాచుకొని తినవలసిన ఈ బిస్కత్తులో విడ్డూరమేమియు లేదు. బాగుగా కాలిన బిస్కత్తులో నీరు మిక్కిలి తక్కువ. తేమగల గాలిలో నుంచినచో అందలి చక్కెర గాలినుండి నీటిని క్రమముగా పీల్చుకొనును. వానకాలమున మూత సరిగా లేని డబ్బాలోని అప్పడములు మెత్తబడుట అందరును ఎరిగినదే. మన ఇంట అది దోషము, సిమన్స్ ఇంట అది గుణము. ఇక మిగిలినది ఆ పర్ల్‌యాష్ సంగతి. బిస్కత్తు చరిత్రలో ముఖ్యమైన భాగమంతయు అందులోనే ఉన్నది.

పర్ల్‌యాష్ అనగా పొటాసియం కార్బొనేటు. యవలను కాల్చి మన వైద్యులు తీయు యవక్షారము ఈ జాతిలోనిదే. అమెరికాకు వలస వచ్చినవారు అడవులు నరికి పొలములు చేయుచు, చెట్లను కాల్చి, ఆ బూడిదను పీపాలలో పోసి, దానిగుండ నీటిని వడియగట్టి, ఆ క్షారజలమును పెద్ద ఇనుప కుండలలో ఇగురగాచెడివారు. అడుగున మిగిలినది 'పాట్‌యాష్', అనగా కుండబూడిద. 1807 లో హంఫ్రీ డేవీ కనుగొనిన పొటాసియమునకు ఆ పేరు వచ్చినది ఈ కుండనుండియే. ఈ మురికి పదార్థమును బట్టీలో మరల కాల్చినచో మసి పోయి ముత్యమువలె తెల్లనగును గనుక దానిని ముత్యపు బూడిద అనిరి. గాజునకు, సబ్బునకు, ఉన్ని కడుగుటకు ఇది కావలసియుండుటచే అడవి నరికినవానికి పంట చేతికి రాకముందే బూడిద రూపమున కొంత రొక్కము దొరకెడిది. ఈ సరకునకుగల విలువ ఎంతటిదనగా, అమెరికా ప్రభుత్వము ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు దీనికి సంబంధించినదే. 1790 జూలై 31 న సామ్యుల్ హాప్కిన్స్ అనునాతనికి, పాట్‌యాష్, పర్ల్‌యాష్‌లను మెరుగుగా తయారుచేయు పద్ధతికై దానిని ఇచ్చిరి. దానిమీద జార్జి వాషింగ్టన్ సంతకము కలదు.

క్షారము పుల్లని పదార్థముతో కలిసినచో బొగ్గుపులుసు వాయువు వెలువడును. శీతలయంత్రములు లేని ఆ దినములలో పాలు కొంత పులియుట సామాన్యము. పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లము పర్ల్‌యాష్‌తో కలియగా పుట్టిన వాయువు పిండిలో బుడగలుగా చిక్కుకొని, కాలునపుడు వ్యాకోచించి బిస్కత్తును గుల్లబరచును. కల్లు మడ్డియో, ఈస్టో కలిపి పిండి పొంగుటకు గంటల తరబడి వేచియుండుట తప్పినది. కాని ఇందు చిక్కు లేకపోలేదు. పాల పులుపు ఒకనాటివలె మరియొకనాడుండదు. పులుపు చాలనిచో మిగిలిన క్షారము వెన్నలోని కొవ్వుతో చేరి సబ్బగును. సబ్బువాసన కొట్టు పండుగ బిస్కత్తులను గూర్చి ఆనాటి గృహిణులు పడిన బాధకు మూలము ఈ చర్యయే.

జర్మను గృహములలో ఇంకొక ఉపాయముండెను. లేడికొమ్ములను గాలి చొరకుండ కాల్చి బట్టీపట్టినచో అమ్మోనియం కార్బొనేటు వచ్చును. దానిని 'లేడికొమ్ము ఉప్పు' అందురు. ఈనాడు దానిని కొమ్ములతో పనిలేకయే కర్మాగారములలో చేయుచున్నను పేరు మాత్రము మారలేదు. దీనికి పులుపు అక్కరలేదు. వేడి తగిలినచో అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అను మూడుగా విడిపోవును, అడుగున ఏమియు మిగులదు. అయితే అమ్మోనియా ఘాటు బయటకు పోవుటకు దారి కావలెను. పలుచని, పొడి బిస్కత్తులలో ఆ దారి కలదు, మందమైన కేకులో లేదు. అందుచేతనే ఈ ఉప్పును కేకులలో వాడరు. చెక్కిన అచ్చులతో పిండిమీద బొమ్మలు ఒత్తి చేయు 'ష్ప్రింగర్లె' అను క్రిస్మస్ బిస్కత్తులకు ఇది ప్రసిద్ధము. వానిని ఒత్తిన వెంటనే కాల్చక, ఒక రాత్రి ఆరబెట్టుదురు. పైపొర ఎండి గట్టిపడుటచే కాలునపుడు పొంగంతయు అడుగుననే జరిగి, పైనున్న బొమ్మ చెదరదు. రసాయనశాస్త్రము చదువని వంటవారు కనిపెట్టిన ఈ ఉపాయమును మెచ్చుకొనక తప్పదు.

క్రిస్మస్ నాడు చెట్టును అలంకరించు ఆచారముతో ఈ తినుబండారములకు పాత చుట్టరికము కలదు. స్ట్రాస్‌బర్గులో ఇండ్లలోపల నిలిపిన చెట్లకు కాగితపు గులాబీలు, ఆపిలు పండ్లు, పలుచని రొట్టెబిళ్లలు, చక్కెర వ్రేలాడగట్టెడివారని 1605 నాటి వ్రాతలవలన తెలియుచున్నది. జర్మను వలసదారులు పెన్సిల్వేనియాకు ఈ ఆచారములను తీసికొనిపోయిరి. అచటి తగరపు పనివారు రేకు ముక్కలను వంచి నక్షత్రములు, పక్షులు, గుఱ్ఱములుగా బిస్కత్తు కోయు అచ్చులు చేసెడివారు. 'కుకీ' అను మాట మాత్రము న్యూయార్కు ప్రాంతమున స్థిరపడిన డచ్చివారిది. వారి భాషలో దానికి చిన్న కేకు అని అర్థము.

చక్కెర మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పవలెను. సంస్కృతమునందలి 'శర్కర' పారసీకమున 'శకర్' అయి, అరబ్బీమీదుగా యూరపు చేరి 'షుగర్' అయినది. మాట వెళ్లినంత తేలికగా సరకు వెళ్లలేదు. 18 వ శతాబ్దిలో ఇంగ్లండు తిన్న చక్కెరలో అధికభాగము వెస్టిండీసు తోటలలో ఆఫ్రికా బానిసల చెమటతో పండినది. 1791 లో బానిస వ్యాపార నిషేధమునకై వచ్చిన బిల్లును పార్లమెంటు త్రోసిపుచ్చగా, వేలకొలది బ్రిటిష్ కుటుంబములు వెస్టిండీసు చక్కెరను మానివేసెను. బానిసలు చేయని ఈస్టిండియా చక్కెర యని వ్రాసిన గిన్నెలు తరువాతి కాలమున అంగళ్లలో అమ్ముడుపోయినవి. శర్కర పుట్టిన దేశము పేరు ఆ విధముగా తేనీటి బల్లమీదికి మరల వచ్చినది. ఈలోగా బెర్లినులో ఆండ్రియాస్ మార్గ్రాఫ్ 1747 లోనే బీటుదుంపలనుండి చక్కెర తీసి, దాని స్ఫటికములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, అవి చెరకు చక్కెరతో సమానమని చూపియుండెను. ఆయన శిష్యుడు అఖార్డ్ 1801 లో సైలీషియాలో మొదటి బీటు చక్కెర కర్మాగారము స్థాపించెను. నెపోలియను కాలమున సముద్ర వర్తకము స్తంభించుటచే ఈ పరిశ్రమ పుంజుకొన్నది. 19 వ శతాబ్దమున చక్కెర చౌకయై సామాన్యుల వంటింట చేరినది. బ్రిటనులో చక్కెర సుంకమును 1874 లో ఎత్తివేసిరి.

బూడిద స్థానమును క్రమముగా సోడా ఆక్రమించెను. ఫ్రాన్సులో లెబ్లాంక్ 1791 లో పేటెంటు పొందిన పద్ధతివలన సోడా ఉప్పునుండియే తయారగుటతో, దానికై అడవులు కాల్చవలసిన పని తగ్గినది. 1846 లో న్యూయార్కున ఆస్టిన్ చర్చి, జాన్ డ్వైట్ అనువారు సోడియం బైకార్బొనేటును, అనగా మన వంటసోడాను, పొట్లములు కట్టి అమ్మనారంభించిరి. అయినను పులుపు సమస్య తీరలేదు. వంటసోడాను వట్టిగా వేడిచేసినచో 168 గ్రాములనుండి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు మాత్రమే వచ్చి, 106 గ్రాముల చాకలి సోడా పిండిలో మిగిలిపోవును. తగినంత ఆమ్లము చేరినచో అదే సోడా 88 గ్రాముల వాయువునిచ్చును. కావున సోడాతోపాటు దానికి తూకము సరిపోవు పొడి ఆమ్లమును కూడ కలిపి ఉంచినచో గృహిణికి లెక్కల బాధ తప్పును.

బర్మింగుహాములో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అను మందుల వర్తకుడు 1843 లో ఇట్టి పొడి చేసెను. ఆయన భార్యకు ఈస్టు పడకపోవుటయే అందుకు కారణము. ద్రాక్షసారా పీపాల లోపల పేరుకొనెడి 'క్రీమ్ ఆఫ్ టార్టార్' అను ఉప్పు ఇట్టి పొడులకు చక్కని ఆమ్లమే గాని, అమెరికావారు దానిని యూరపునుండి తెప్పించుకొనవలసివచ్చెడిది. లీబిగ్ వద్ద చదివి హార్వర్డులో ఆచార్యుడైన ఎబెన్ హార్స్‌ఫర్డ్ దీనికి బదులుగా కాల్సియం ఆమ్ల ఫాస్ఫేటును వాడి 1856 లో పేటెంటు పొందెను. మొదట దానిని ఎముకలనుండి చేసెడివారు. పిండి తెల్లబరచుటలో పోయిన ఫాస్ఫేటులు తిరిగి రొట్టెలో చేరవలెనని ఆయన కోరిక. తేమ తగిలి డబ్బాలోనే చర్య జరిగిపోకుండ పొడిలో మొక్కజొన్న గంజిపొడి కలిపిరి. బేకింగ్ పౌడరు డబ్బాలో గంజిపొడి ఎందుకున్నదని విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు చెప్పవలసిన జవాబిదియే.

అయితే నక్షత్రముగనో చెట్టుగనో కోసి రంగులద్దవలసిన బిస్కత్తు మిక్కిలి పొంగరాదు; పొంగినచో నక్షత్రపు మొనలు మొద్దుబారును. అందుచేత ఇంటిలో వీనిని చేయువారు బేకింగ్ పౌడరు స్వల్పముగా వేయుదురు. కలిపిన పిండిని చల్లని చోట గంటసేపు ఉంచుటకు కారణము వేరు. వెన్న సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు లోపలనే కరిగిపోవును. చల్లని వెన్న ఆలస్యముగా కరుగుటచే, బిళ్ల పరచుకొనిపోకముందే పిండి గట్టిపడి అంచులు నిలుచును. అంచులు బంగారు వన్నెకు తిరుగుట ప్రధానముగా చక్కెరలకును మాంసకృత్తులలోని అమైనో ఆమ్లములకును జరుగు చర్యవలన. దీనిని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెయార్ 1912 లో వర్ణించెను. పై పూతకు గ్రుడ్డులోని తెల్లసొనను మెత్తని చక్కెర పొడితో గిలకకొట్టి పూయుదురు. నీరు ఆరినకొలది చక్కెర స్ఫటికములు, తెల్లసొన మాంసకృత్తుల పొరతో కలిసి పింగాణివలె గట్టి పూతగా ఏర్పడును.

ఆ తెల్లని పూతకు రంగు వేయుటలో ఈ చరిత్రయందలి దుఃఖకరమైన ఘట్టమున్నది. కుంకుమపువ్వు పసుపునకు, పాలకూర రసము పచ్చకు, కొచినీలు పురుగు ఎరుపునకు వెనుకటినుండి ఉన్నవే. కాని అవి ఖరీదైనవి, త్వరగా వెలసిపోవును. అంగడి మిఠాయివారు గనుల రంగులను ఆశ్రయించిరి. లండనులో స్థిరపడిన జర్మను రసాయనజ్ఞుడు ఫ్రెడరిక్ ఆక్కుమ్ 1820 లో ఆహార కల్తీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. దాని అట్టమీద పుఱ్ఱె బొమ్మ ఉండెను. పిల్లలు తిను ఎఱ్ఱ మిఠాయిలలో సీసపు సింధూరము కలిసిన ఇంగిలీకమును, ఇతర మిఠాయిలలో రాగి లవణములను, తెల్లనివానిలో సుద్దమట్టిని ఆయన కనిపెట్టెను. కల్తీకి శిక్షపడిన వర్తకుల పేర్లను సైతము వెల్లడించెను. కొలది కాలములోనే గ్రంథాలయ పుస్తకముల పుటలు చింపెనను అభియోగముపై ఆయన ఇంగ్లండు విడిచిపోవలసి వచ్చినది. ముప్పది ఏండ్ల తరువాత ఆర్థర్ హిల్ హాసల్ అను వైద్యుడు సూక్ష్మదర్శినితో అదే పనికి పూనుకొని, 1851 నుండి 'లాన్సెట్' పత్రికలో ప్రకటించిన ఫలితములు చూడగా, మిఠాయిలలో సీసము ఇంకను ఉన్నదని తేలినది.

1858 లో బ్రాడ్‌ఫర్డు పట్టణమున చక్కెరకు బదులు సుద్దపొడివంటి చౌక పదార్థము కలుపబోయి, పొరపాటున పాషాణము కలిపిన పిప్పరమెంటు బిళ్లలు తిని సుమారు 20 మంది మరణించిరి, 200 మందికి పైగా జబ్బుపడిరి. 1860 లో వచ్చిన కల్తీ నిరోధక చట్టమునకు పదును లేకపోయెను. 1875 నాటి చట్టము వచ్చినపిదపనే పరిస్థితి చక్కబడనారంభించినది.

అప్పటికి వంటింట మరియొక అతిథి ప్రవేశించెను. 1856 లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ బొగ్గుతారునుండి లభించు పదార్థములతో ఊదారంగును తయారుచేయగా, దాని వెనుక వందలకొలది కృత్రిమ రంగులు బయలుదేరినవి. చిటికెడు పొడితో గిన్నెడు పూత రంగెక్కును. గుడ్డలకొరకు పుట్టిన ఈ రంగులను పరీక్షలు లేకయే తిండిలో వాడిరి. అమెరికాలో బెర్న్‌హార్డ్ హెస్సె అను రసాయనజ్ఞుడు సుమారు 80 రంగులను పరిశీలించిన పిమ్మట 1907 లో ప్రభుత్వము ఏడింటిని మాత్రమే ఆహారమునకు అంగీకరించినది. ఆ ఏడును నిరపాయములని తలచుటయు తొందరపాటే అయినది. వానిలో నొకటైన నారింజరంగు అధికముగా వేసిన మిఠాయిలు తిని 1950 లో అనేకమంది పిల్లలు జబ్బుపడుటచే దానిని తొలగించిరి. మన దేశమున లడ్డు, జిలేబులలో చాటుగా కలుపు మెటానిల్ పసుపు సైతము ఈ బొగ్గుతారు సంతతియే. దానిని ఆహారమున వాడుట చట్టవిరుద్ధము.

ఆ ఏడింటిలో ఎరిత్రోసిన్ అను చెఱ్ఱిపండు ఎఱుపు కూడ ఒకటి. మితిమీరిన మోతాదులో తిన్న మగ ఎలుకలకు దీనివలన పుట్టకురుపు వచ్చెనని తెలిసి 1990 లో అమెరికావారు సౌందర్య ద్రవ్యములలో దీనిని నిషేధించిరి, తిండిలో మాత్రము ఉండనిచ్చిరి. పెదవులకు పూయుటకు పనికిరానిది మిఠాయిమీద పూసి మ్రింగుటకు ఎట్లు పనికివచ్చునను ప్రశ్నకు జవాబు వచ్చుటకు 35 ఏండ్లు పట్టినది. 2025 జనవరిలో ఆహారమునందును దీని అనుమతిని రద్దుచేసి, తయారీదారులకు 2027 జనవరివరకు గడువిచ్చిరి.