పాటకు పట్టా ఎవరి పేరున?

జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గంలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఒక మాట కొత్త రంగు పూసుకుని వేదికనెక్కుతుంది. అది మాలికానా హక్కు. ఉక్కు కంపెనీ గీసిన ప్రణాళికా నగరం ఒకటి. దాని అంచుల్లో కార్మికులు తమకు తాముగా కట్టుకున్న బస్తీలు మరొకటి. సువర్ణరేఖ ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ ఈ రెండో లోకానికి చెందినది. నగరాన్ని నిర్మించిన చేతులు అక్కడ తరాలుగా ఇళ్లు కట్టుకుని కాపురాలు చేస్తున్నాయి. ఇల్లు వారిదే, నేల మాత్రం ఎవరిదన్నది తేలదు. ఎనభై ఆరు బస్తీల సమస్యగా పేరుపడిన ఈ వివాదం మీద ప్రభుత్వాలు మారాయి, వాగ్దానాలు మారాయి, ప్రశ్న మారలేదు.

ఈ ప్రశ్నకు ఒక జంట ప్రశ్న ఉన్నది. దానిని ఏ పార్టీ తన మేనిఫెస్టోలో రాయదు. శ్రామికులు పుట్టించిన పాట, శ్రామికులే శ్రోతలుగా నిలబెట్టిన పాట, చివరకు ఎవరి ఆస్తిగా నమోదవుతున్నది? జనప్రియ సంగీత చరిత్రను అభిరుచుల చరిత్రగా చెప్పుకోవడం అలవాటైపోయింది. యథార్థానికి అది యాజమాన్యపు చరిత్ర కూడా. ఆ చరిత్ర ఛోటా నాగపూర్ అడవులను తాకకుండా మొదలు కాదు.

1908లో ఈ ప్రాంతానికి సంబంధించి రెండు ఘటనలు జరిగాయి. సాక్చీ అనే పల్లె దగ్గర టాటాల ఉక్కు కర్మాగారానికి నిర్మాణం ఆరంభమయింది. 1912లో అక్కడ తొలి ఉక్కు తయారయింది. అదే 1908లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ రికార్డులు ముద్రించే కర్మాగారం తెరిచింది. అంతకు ముందు, 1902లో గౌహర్ జాన్ పాటలతో మొదలైన భారతీయ రికార్డింగులను జర్మనీకి పంపి ముద్రించి తెప్పించేవారు. సొంత కర్మాగారం రావడంతో రికార్డు ఇక్కడి సరుకయింది.

ఆ సరుకుకు ముడిపదార్థం లక్క. లక్క అనగానే తెలుగువారికి ఏటికొప్పాక బొమ్మ గుర్తుకు వస్తుంది, లేదా భారతంలోని లక్కయిల్లు. కాని ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ప్రపంచం విన్న ప్రతి పాటకూ లక్కే ఆధారం. డెబ్బై ఎనిమిది చుట్ల గ్రామఫోను ప్లేటంటే శుద్ధిచేసిన లక్కలో రాతిపొడి, మసి కలిపి వేడిమీద అచ్చొత్తిన బిళ్ల. ఆ లక్కను ప్రపంచానికి అందించిన ప్రధాన ప్రాంతాలలో ఛోటా నాగపూర్ ముఖ్యమైనది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగును పెంచి, ఆ కొమ్మలను గీకి సంతకు తెచ్చినవారు ఆదివాసులు. ఈ సరుకు విలువ తెలిసే వలస ప్రభుత్వ కాలంలో, 1924లో, రాంచీ దగ్గరి నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి లక్క రాక కష్టమైనప్పుడు, 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి లక్క వాడకాన్ని తెగ్గోసింది. అడవి బిడ్డ గీకిన కొమ్మకూ న్యూయార్క్ సంగీత విపణికీ మధ్య అంత సూటి బంధం ఉండేది. వినైల్ వచ్చాక ఆ బంధం తెగింది. సంగీత చరిత్ర గ్రంథాలలో కంపెనీల పేర్లు మిగిలాయి, గాయకుల పేర్లు మిగిలాయి. లక్క గీకిన చేతులకు పేరు లేదు.

పదార్థం పాట ఆకృతిని కూడా నిర్ణయించింది. పది అంగుళాల ప్లేటు ఒక ముఖం మీద పట్టేది సుమారు మూడు నిమిషాల ధ్వని. రంగస్థలం మీద ఒన్స్‌మోర్ల నడుమ రాగాలాపనతో సాగిపోయే తెలుగు నాటక పద్యం ఆ మూడు నిమిషాల కొలతలోకి ఒదగవలసి వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల పద్యాలు ప్లేట్లుగా ఊరూరా తిరిగాయి. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టేనాటికే, పాట అంటే కొలత ఉన్న సరుకు అనే భావం స్థిరపడింది. ఈ కొలతను కళాకారుడు ఎంచుకోలేదు, యంత్రం విధించింది. ఎనిమిది గంటల షిఫ్టు కార్మికుని రోజును కోసినట్లే, మూడు నిమిషాల ప్లేటు గాయకుని ఊపిరిని కోసింది.

ఉక్కునగరం కూలీలను నలుదిక్కుల నుంచి పిలిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరును ఖరగ్‌పూర్ మీదుగా ఈ ప్రాంతంతో కలిపింది. 1919లో కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది, సాక్చీ జంషెడ్‌పూర్ అయింది. ఉత్తరాంధ్ర నుంచి బయలుదేరిన తెలుగువారు ఈ దారిలో వచ్చి స్థిరపడ్డారు. బిష్టూపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలోని ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు ఇప్పటికీ నిలిచిన ఆనవాళ్లు. 1920లో, 1928లో ఇక్కడ జరిగిన సమ్మెలు దేశ రాజకీయాలను కదిలించాయి. రెండోదానికి సుభాష్ చంద్రబోస్ నాయకత్వం వహించారు. ఒడియా, బెంగాలీ, సంతాలీ, హో, భోజ్‌పురీ, తెలుగు మాట్లాడేవారు ఒకే గేటు ముందు నిలిచిన సమ్మెలవి.

వలస వచ్చినవాడు భూమిని మోసుకురాలేడు. పాటను మోసుకురాగలడు. పన్ను, కిరాయి, అనుమతి లేకుండా వెంట వచ్చే ఏకైక ఆస్తి అదే. నేటి జార్ఖండ్ ద్వితీయ అధికార భాషల జాబితాలో సంతాలీ, ముండారీ, హో, కురుఖ్, బెంగాలీ, ఒడియా తదితర భాషలున్నాయి, తెలుగు లేదు. బడి ఆదుకోని చోట, కార్యాలయం గుర్తించని చోట, వలస భాషకు మిగిలే ఆసరాలు రెండే: గుడిలో భజన, ఇంట్లో సినిమా పాట. మూడో తరానికి లిపి జారిపోయినా పల్లవి మిగులుతుంది. అందుచేత జనప్రియ సంగీతాన్ని కాలక్షేపమని కొట్టిపారేయడం, స్థిరమైన ఊరు, భాష, బడి ఉన్నవారికి మాత్రమే సాధ్యమైన విలాసం.

స్వతంత్ర భారత ప్రభుత్వం తొలినాళ్లలో ఆ విలాసానికే లోబడింది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ సినిమా పాట జాతి అభిరుచిని చెడగొడుతున్నదని భావించి ఆకాశవాణిలో దాని స్థానాన్ని కుదించారు. శ్రోత ఊరుకోలేదు. రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పాడు. చివరికి 1957లో వివిధ్ భారతిని ఆరంభించి ప్రభుత్వమే దిగివచ్చింది. ఐదేళ్లపాటు సాగిన ఈ పోరులో ఊరేగింపు లేదు, నినాదం లేదు. అయినా ఒక కేంద్రమంత్రి విధానాన్ని ప్రజలు చేతివేళ్లతో ఓడించారు. అయితే ఈ విజయఫలం ఎవరికి దక్కింది? వినే హక్కు ప్రజలకు వచ్చింది. ఆదాయం రికార్డు కంపెనీకి, నిర్మాతకు వెళ్లింది.

వినడంతో సరిపెట్టుకోక పాటను సొంత సాధనంగా మలచుకున్న ప్రయత్నాలు తెలుగునాట జరిగాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి పల్లె కళారూపాలను రాజకీయ వేదికగా మార్చింది. నాజర్ గళంలో బుర్రకథ ఉద్యమమయింది. శ్రీకాకుళ పోరాటంలో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఆయుధం చేసి, 1969లో ప్రాణమిచ్చారు. ఆ నేలనే పుట్టిన వంగపండు ప్రసాదరావు విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడు. పగలు ఓడకు పనిచేసిన మనిషే జననాట్యమండలి పాటకు ప్రాణం పోశాడు. ఆయన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ సభల నుంచి సినిమాకు, సినిమా నుంచి ఇంటింటికీ వెళ్లింది. 2009లో ‘మగధీర’ చిత్రంలో తన పాట పలుకులను అనుమతి లేకుండా వాడారని ఆయన అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. ప్రజల పాట అన్న బిరుదు ఎంత గొప్పదో అంత ప్రమాదకరమైనది. అందరిదీ అన్నదానిని ఎవరూ అడగనక్కర లేదని పరిశ్రమ అర్థం చేసుకుంటుంది.

చట్టం నడక కూడా గమనార్హం. 1957 కాపీరైటు చట్టం కింద 1977లో సుప్రీంకోర్టు, సినిమా కోసం కూర్చిన సంగీతంలో నిర్మాతదే ప్రథమ యాజమాన్యమని తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గాయకునికి చట్టం చోటివ్వకపోవడాన్ని ఎత్తిచూపారు. ప్రదర్శకుల హక్కు రావడానికి 1994 దాకా ఆగవలసి వచ్చింది. 2012 సవరణతో గీతరచయితకు, సంగీతకర్తకు రాయల్టీ వదులుకోరాని హక్కయింది. ఇది నిజమైన ముందడుగు. కాని ఈ మెట్లన్నీ పేరున్న కర్త కోసం కట్టినవి. పేరు లేని కర్తకు, అంటే ఒక కులానికి, తెగకు, బస్తీకి, కూలీల గుంపుకు, ఈ మెట్ల మీద చోటు లేదు. వారి పాట ‘సంప్రదాయం’ అనే శీర్షిక కింద పోరంబోకు భూమి అవుతుంది.

జానపదానికి హద్దురాళ్లు పాతితే పాటే చచ్చిపోతుందనే వాదన ఒకటుంది. అందులో బలం లేకపోలేదు. పాణిగ్రాహి జముకుల కథను ఎవరి అనుమతితోనూ తీసుకోలేదు. వంగపండు పలుకుబడి ఉత్తరాంధ్ర పల్లె నోటి నుంచి వచ్చినదే. పాడుకునే స్వేచ్ఛకు కంచె వేయమని ఎవరూ కోరరాదు. అసలు అన్యాయం మరోచోట ఉన్నది. ఉమ్మడి సొత్తును ఉచితంగా తీసుకున్నవాడు, దానిని రికార్డు చేసిన మరుక్షణం తన కంచె తాను వేసుకుంటాడు. తీసుకునేటప్పుడు అందరిదీ, అమ్మేటప్పుడు ఒక్కడిదీ. ప్లేటు పోయి క్యాసెట్టు వచ్చినా, క్యాసెట్టు పోయి యూట్యూబు వచ్చినా ఈ సూత్రం చెక్కుచెదరలేదు. క్యాసెట్టు చవకై నాగపురీ, సంతాలీ, భోజ్‌పురీ గొంతులకు తలుపు తీసిన మాట నిజమే. తలుపు తాళంచెవి మాత్రం చేతులు మారలేదు.

భుయ్యాడీహ్ వంటి బస్తీ చెప్పే పాఠం ఇదే. నివసించే హక్కు వేరు, యాజమాన్యపు హక్కు వేరు అని నూరేళ్లుగా పాలకులు చెబుతున్నారు. పాట విషయంలోనూ అదే మాట: పాడుకో, విను, ఆడు, సొంతమని మాత్రం అనకు. నేల మీద పట్టా అడగడం నేర్చుకున్న బస్తీ, పాట మీద కూడా లెక్క అడిగే రోజు రావాలి. ఆ లెక్క ఒక కవికి ఇవ్వవలసిన రాయల్టీతో ముగిసేది కాదు. మోదుగ కొమ్మ గీకిన చేతి దగ్గర అది మొదలవుతుంది.